పెద్ద మేస్త్రి రాసిన సమాధానం

మా మామగారిలో నాకు నచ్చనిది ఒక్కటే. ఆయనకు తెలియని విషయం లేదు.

మనిషన్నాక ఏదో ఒకటి తెలియకుండా ఉండాలి. ఎదుటివాళ్లు దూరడానికి కాస్త సందుండాలి. ఆయన దగ్గర ఆ సందు లేదు. పాలెందుకు విరిగాయో, తలుపెందుకు కిర్రుమంటోందో, పక్కింటావిడ ఎందుకు మొహం తిప్పుకుందో, అడిగినా అడక్కపోయినా చెప్తారు. కాపురానికి వచ్చిన నాటి నుంచి నేను కోరుకున్నది ఒకే ఒక్క పూట నిశ్శబ్దం.

ఇప్పటికి మూడు రోజులైంది ఆయన నోరు విప్పి. పొద్దున పాలు విరిగితే గుమ్మంలో నిలబడి చూసి, ఏమీ అనకుండా గదిలోకి వెళ్లిపోయారు. కోరుకున్న నిశ్శబ్దం వచ్చి ఇంట్లో కూర్చుంటే, గిన్నె దించాలన్నా నాకు చేతులు ఆడటం లేదు.

"నీ తాళం నొక్కు," అన్నారు మా ఆయన. పొద్దుటి నుంచి అది పదోసారో పదకొండోసారో.

ముందుగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నారు. గడ్డం గీసుకోలేదు, ఆఫీసుకు సెలవు పెట్టారు. తెర మీద ఆయనే ఎంచిన నీలం రంగులో, ఆయనే ఎంచిన పెద్ద అక్షరాల్లో, ‘చేతిపని చర్చావేదిక మరమ్మతులో ఉంది. ఓపిక పట్టండి’ అని ఉంది. ఇంటి మరమ్మతుల గురించి నాలుగు వేలమంది అడిగి చెప్పుకునే చోటు అది. మరమ్మతుల వేదికకే మరమ్మతు వచ్చిందంటే వారం కిందటైతే అందరికంటే ముందు నేనే నవ్వేదాన్ని.

"రెండు నొక్కులు," అన్నారు. "నాదొకటి, నీదొకటి. ఆ చర్చ పోతుంది. ఎవరికీ ఏమీ కాదు."

"అయినవాళ్లకి అయిపోయిందిగా."

"మాటకు మాట చెప్పకు. నాలుగింటికల్లా పోలీసులు ఆ చర్చ అడుగుతారు."

రెండు తాళాల ఏర్పాటు ఆయనదే. నిరుడు గోడ చెమ్మ గురించి ఇద్దరు సభ్యులు కొట్టుకున్నంత పని చేసి, ఆయన ఒకరి వైపు మొగ్గి చర్చ చెరిపేశారని గోల పెట్టారు. దాంతో పౌరుషం వచ్చి, ఇకమీదట నిర్వాహకులిద్దరూ నొక్కితే తప్ప ఏ చర్చా చెరగకుండా వేదికను మార్చారు. నిర్వాహకులిద్దరంటే ఆయన, నేను. రెండో తాళం పెళ్లాం దగ్గరుంటే తన దగ్గరున్నట్టే అనుకున్నారు పాపం.

"అది చెరిపితే తమ్ముడి మాట కూడా పోతుంది," అన్నాను.

"ఏ మాట?"

"మీకు తెలియదా, ఏ మాటో?"

ఆయన కుర్చీ తెర వైపు తిప్పుకున్నారు.

నాకా చర్చ కంఠతా వచ్చేసింది. ఊరి అవతలి వీధిలో బట్టలు కుట్టే ఆవిడ, మూడు రోజుల కింద కరెంటు కొట్టి ఆసుపత్రిలో పడినావిడే, అడిగింది. "గీజర్ వేసిన ప్రతిసారీ ట్రిప్ స్విచ్ పడిపోయి ఇల్లంతా కరెంటు పోతోంది. మిషన్ మీద పని మధ్యలో ఆగిపోతోంది. ఏం చేయాలి?"

దాని కింద జవాబు: "ఆ స్విచ్‌లు ఉత్త పిరికివి. దాన్ని తప్పించి నేరుగా కలుపుకోండి. మా ఇంట్లో ఇరవై ఏళ్లుగా ఆ స్విచ్చే లేదు. అందరం గుండ్రాళ్లలా ఉన్నాం." రాసినవారి పేరు అనుభవశాలి. హోదా పెద్ద మేస్త్రి. పక్కన బంగారు రంగు పానా బొమ్మ.

దానికీ కింద, చీమ తలకాయంత అక్షరాల్లో, ‘ఇంకో సమాధానం ఉంది’ అన్న మాట. దాన్ని నొక్కితేనే తెరుచుకుంటుంది. "వద్దండీ. స్విచ్ పడుతోందంటే ఎక్కడో కరెంటు లీకవుతోందని అర్థం. అది మిమ్మల్ని కాపాడుతోంది. దాన్ని ముట్టుకోకండి. గీజర్ ఆపేసి ఎవరినైనా పిలిచి చూపించండి." ఇది రాసింది మా తమ్ముడు. పదహారేళ్లుగా కరెంటు పని తప్ప ఇంకో పని ఎరగనివాడు. వాడి హోదా శ్రోత.

ఎందుకంటే వేదికలో హోదా వచ్చేది రాసిన సమాధానాల లెక్క మీద. పాతిక రాస్తే చేతిసాయం, వంద రాస్తే పనివాడు, ఐదొందలకి మేస్త్రి, వెయ్యి దాటితే పెద్ద మేస్త్రి. హోదా పెద్దదైతే సమాధానం పైకెక్కుతుంది, చిన్నదైతే మడతలోకి పోతుంది. మా తమ్ముడు మూడేళ్లలో పంతొమ్మిది రాశాడు. అనుభవశాలి పడక్కుర్చీలోంచి లేవకుండా రోజుకు నలభై రాశారు.

అనుభవశాలి మా మామగారు. కరెంటాఫీసులో ముప్పై ఏళ్లు చేశారు. వైరు పట్టుకుని కాదు, కలం పట్టుకుని. జనం వచ్చి చెప్పే ఫిర్యాదులు పుస్తకంలో రాసుకునే ఉద్యోగం. ముప్పై ఏళ్లు రోగాలు విన్నవాడు వైద్యుడు కాకపోతాడా అన్నది ఆయన ధీమా.

ఆయన చేతికి ఫోనిచ్చి, పేరు నమోదు చేసి, "మామయ్యగారూ, పాపం జనానికి ఏమీ తెలియడం లేదు, మీరు చెప్పండి" అన్నది నేను. వంటింటి గుమ్మంలో కుర్చీ ఖాళీ అవుతుందని. హోదాలకు ఆ పేర్లు పెట్టిందీ నేనే, కూర తరుగుతూ, హాస్యానికి.

గేటు చప్పుడైంది. తమ్ముడు.

సామాన్ల సంచి భుజాన ఉంది. దాని మీద మా ఆయన మక్కువగా అచ్చు వేయించి ఇచ్చిన ‘చేతిపని’ స్టిక్కర్ ఉండేది. సగం గీకేశాడు. సగం గీకినచోట జిగురు మిగిలి, దాని మీద దుమ్ము అంటుకుని, ముందుకంటే ఎక్కువ కనబడుతోంది.

ముందుగది దాటి నేరుగా వంటింట్లోకి వచ్చాడు. బావను పలకరించలేదు.

"తిన్నావా?" అన్నాను.

"నాలుగింటికి లైసెన్సు పట్టుకుని స్టేషనుకి రమ్మన్నారక్కా. విచారణ అయ్యేదాకా వాళ్ల దగ్గరే ఉంచుతారట."

"నువ్వు రాయలేదని చెప్పలేదా?"

"చెప్పాను. మీ బావ వేదికలో కరెంటు మేస్త్రి నువ్వు కాక ఇంకెవరున్నారన్నారు. సంచి మీద స్టిక్కరు చూపించి నవ్వాడొకడు. నేను రాసింది చూపిస్తానన్నాను. ఫోన్లో తెరిస్తే ఓపిక పట్టండని వచ్చింది." గ్లాసు తీసుకుని తనే నీళ్లు వంపుకున్నాడు. "నిన్న రెండిళ్లవాళ్లు పని మాన్పించారు. ఒకాయనైతే బిగించిన ఫ్యాను మళ్లీ విప్పేయమన్నాడు. నేను ముట్టుకున్నదాని కింద పడుకోలేడట."

నేను పళ్లెం కడిగి వాడి ముందు పెట్టాను.

"అనుభవశాలి ఎవరని నిన్ను అడగనులే," అన్నాడు. "ఆ ఇరవై ఏళ్ల మాట ఇంకెవరు రాస్తారు?"

ఆ మాట వస్తే అయిదేళ్లుగా ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వు ఆపుకునేవాళ్లం. ఈసారి వాడు గ్లాసులోకి చూశాడు. నేను పొయ్యి వైపు చూశాను.

"మరి అక్కడ చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? మా అక్క మామగారని చెప్పి, సాయంత్రం మళ్లీ నీ ఇంటికి నీళ్లు తాగడానికి రానా? నీ కాపురం చూసుకుని ఊరుకున్నాను. నువ్వు మాత్రం ఊరుకోకక్కా. తెరిపించు."

మా ఆయన గుమ్మంలోకి వచ్చారు. ఎప్పటి నుంచి వింటున్నారో.

"తెరిస్తే నాన్నని పట్టుకుపోతారు. డెబ్బై నాలుగేళ్ల మనిషి."

"నన్ను పట్టుకుపోతే ఫరవాలేదా బావా?"

"నువ్వు రాయలేదు కదా. నిజం ఎప్పటికైనా తేలుతుంది."

"చెరిపేశాక ఎక్కణ్ణుంచి తేలుతుంది? మీరే పడవకి చిల్లు పెట్టి, తేలుతుంది కూర్చో అంటున్నారు."

"అరవకు. నాన్న వింటాడు."

"విననివ్వండి. మూడేళ్ల కిందటే చెప్పానా లేదా? మేస్త్రిని లెక్కపెట్టి తయారుచేయకూడదని? వెయ్యి మాటలు రాసినవాడు మేస్త్రి ఎలా అవుతాడని?"

"నిన్ను రాయద్దన్నానా? నువ్వూ రాసి ఉంటే నీదే పైనుండేది!"

ఆ మాట అన్నాక ఆయనకే ఎలాగో అనిపించినట్టుంది. చూపు తిప్పుకున్నారు. కానీ అన్న మాట అక్కడే ఉంది, ముగ్గురి మధ్యా.

తమ్ముడు నెమ్మదిగా గ్లాసు బోర్లించాడు. "నిచ్చెన మీదున్నప్పుడు రెండు చేతులూ వైర్లకే చాలవు బావా. మూడోది ఉంటే రాసేవాణ్ణి."

మామగారి గది తలుపు వేసే ఉంది. అవతల మంచం కిర్రుమంది. అంతే.

"నీ తాళం నొక్కుతావా, నొక్కవా?" మా ఆయన నావైపు తిరిగారు. తమ్ముడి ముందు అడిగితే కాదనలేననుకున్నారో, అవుననలేననుకున్నారో తెలియదు.

"అన్నం పెడతాను. తిని మాట్లాడుకోండి," అన్నాను. చదువుకున్నదాన్నే. మాట్లాడాల్సినప్పుడు అన్నం పెడతాననడం ఏ కాలేజీలోనూ నేర్పరు. ఇంట్లోనే వస్తుంది.

అప్పుడు వీధిలోంచి ఎవరో పిలిచారు. "ఎవరండీ ఇంట్లో?"

ఖాకీ చొక్కా, నలిగిపోయి ఉంది. బస్సు డ్రైవరు. కుట్టుపని ఆవిడ భర్త. ఇంతకుముందు నేనాయనను చూడలేదు. కానీ ఆ కళ్లు చూస్తే మూడు రోజులుగా ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నవాడు కాక ఇంకెవరూ కాలేరనిపించింది.

మా ఆయన కుర్చీ చూపించారు. డ్రైవరు కూర్చోలేదు. చెప్పులు గుమ్మం బయట విడిచి, గోడవార నిలబడ్డారు. వంటింట్లోంచి వచ్చిన తమ్ముణ్ణి, వాడి భుజాన ఉన్న సంచిని చూశారు.

"నువ్వేనా?" అన్నారు.

తమ్ముడు సంచి పట్టీ సర్దుకున్నాడు. నేను మా ఆయన వైపు చూశాను. మా ఆయన తెర వైపు చూస్తున్నారు.

"ఆవిడకెలా ఉంది?" అన్నాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"రాత్రి తెలివొచ్చిందమ్మా. రేపు వేళ్లు తీసేస్తారట. మూడు. కుడిచేతివి." తన చేయి పైకెత్తి చూపించబోయి, మధ్యలో దించేశారు. "కళ్లు తెరిచి మొదట అడిగింది ఏ చెయ్యి అని. అంతా కట్లే కదా, ఆవిడకి తెలియడం లేదు. ఎడమదని చెప్పాను."

పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"కొట్టడానికి రాలేదు," అన్నారు ఆయన తమ్ముడితో. "భయపడకు. తప్పించి కలిపింది నేనే. ఈ చేతులే. బస్సులో ఫ్యూజు మార్చుకుంటాను, ఇదెంత అనుకున్నాను. ముందు మనసొప్పలేదు. రెండుసార్లు చదివాను. వాళ్లింట్లో ఇరవై ఏళ్లుగా లేదట, పిల్లాజెల్లా అందరూ బాగున్నారట, పెద్ద మేస్త్రి ఉత్తినే రాస్తాడా అని ధైర్యం చేశాను. మావిడ చెప్తూనే ఉంది, ఎవరినైనా పిలుద్దామని."

ఆగారు. చొక్కా చేతితో మొహం తుడుచుకున్నారు.

"ఒక్కటి అడిగి పోదామని వచ్చాను. నాకేదో సాధించాలని కాదు. మీ ఇంట్లో ఇరవై ఏళ్లు ఏమీ కాలేదు. మా ఇంట్లో ఆరు రోజులకే అయింది. ఎందుకు? నేను కలపడంలో తప్పు చేశానా? చేసి ఉంటే చెప్పు. ఆవిడ అడిగితే చెప్పాలి కదా. ఏం చెప్పను?"

తమ్ముడు సంచి నేల మీద పెట్టాడు. ఒక్క మాటంటే వాడు బయటపడతాడు. వాడు ఆ మాట అనడం లేదు. నావైపు కూడా చూడటం లేదు. చూస్తే నేను నలిగిపోతానని.

గది తలుపు తెరుచుకుంది.

"ఆ అబ్బాయి రాయలేదు నాయనా," అన్నారు మామగారు. "నేను రాశాను."

"నాన్నా, మీరు లోపలికి వెళ్లండి."

"ఉండరా."

బనీను మీదే వచ్చేశారు. ఎప్పుడూ పరాయివాళ్ల ముందుకు చొక్కా గుండీలన్నీ పెట్టుకోకుండా రాని మనిషి. గోడ పట్టుకుని రెండడుగులు వేసి, డ్రైవరు ఎదురుగా నిలబడ్డారు.

"అనుభవశాలి నేనే. మూడు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను. నేను అబద్ధం రాయలేదు. మా ఇంట్లో ఆ స్విచ్ లేదు. ఇరవై ఏళ్ల కింద నేనే దగ్గరుండి తీయించాను. ఊరికే పడిపోతోందని. ఆ తరవాత ఇన్నేళ్లలో ఒక్కరికీ ఏమీ కాలేదు. మీ ఇంట్లో ఎందుకలా జరిగిందో..." చేతులు చాచారు. ఆ చేతుల్లో ఏమీ లేదు. "నాకు తెలియదు."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. ఎప్పటికైనా వింటే పండగ చేసుకుందామనుకున్న మాట.

"అయితే మేమే దురదృష్టవంతులం," అన్నారు డ్రైవరు. "నా చెయ్యే మంచిది కాదు."

ఆయన నిజంగానే ఆ జవాబు తీసుకుని వెళ్లిపోబోతున్నారు. చెప్పుల వైపు చూశారు. రేపు వేళ్లు పోయిన భార్య పక్కన కూర్చుని, తప్పు తన చేతిదే అనుకుంటారు. బతికినన్నాళ్లూ అనుకుంటారు.

మా ఆయన ఊపిరి వదిలారు. నాకు వినబడింది. ఇక్కడితో గండం గడిచిందని వదిలిన ఊపిరి అది.

నేను తలుపు వెనక గోడకున్న స్విచ్ బోర్డు దగ్గరికి వెళ్లాను. మూత తెరిచాను. లోపల తెల్లటి స్విచ్చు, దాని మీద పరీక్షించడానికని ఉండే బటన్. నొక్కాను.

టక్కుమంది. ఫ్యాను నెమ్మదించి నెమ్మదించి ఆగింది. కంప్యూటర్ తెర నల్లబడింది. వంటింట్లో ఫ్రిజ్ మూలిగి ఊరుకుంది.

"ఏంటమ్మాయ్ అది?" అన్నారు మామగారు.

"ట్రిప్ స్విచ్, మామయ్యగారూ."

ఆయన దగ్గరికి వచ్చి వంగి చూశారు. వేలు పెట్టబోయి వెనక్కి తీసుకున్నారు.

"ఇది ఇక్కడికెలా వచ్చింది?"

"బట్టలుతికే మిషన్ ముట్టుకుంటే ఒకసారి నాకు చెయ్యి జిల్లుమంది. మీరు నడకకి వెళ్లినప్పుడు తమ్ముడితో పెట్టించాను. అయిదేళ్లయింది."

"మరి పడినప్పుడు..."

"కరెంటు పోయిందని చెప్పేదాన్ని."

డ్రైవరు గోడవార నుంచి కదిలి వచ్చారు. "ఎన్నిసార్లు పడిందమ్మా?" గొంతు చాలా మెల్లగా ఉంది.

"నాలుగుసార్లు. ఒకసారి మామయ్యగారే తడి చేత్తో మోటారు వేసినప్పుడు."

మామగారు పక్కనున్న కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. మా ఆయన నోరు తెరిచి, ఎవరిని తిట్టాలో తెలియక మూసుకున్నారు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నారు మామగారు చివరికి. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే బాగుండేది.

"చెప్తే తీయించేస్తారని."

అది నిజమే. అక్కడితో ఆపినా సరిపోయేది. తమ్ముడు బయటపడ్డాడు. డ్రైవరు ప్రశ్నకి జవాబు దొరికింది. నన్ను ఎవరూ ఇంకేమీ అడగలేదు.

డ్రైవరు ఇంకా ఆ స్విచ్చువైపే చూస్తున్నారు.

"అది ఒక్కటే కాదండీ," అన్నాను ఆయనతో. "మామయ్యగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఆ ఇరవై ఏళ్ల మాట చెప్పుకుంటుంటే, నేనూ తమ్ముడూ వంటింట్లో నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వు పోతుందనే చెప్పలేదు. మీ ఆవిడ అడిగిన ప్రశ్న, దానికి ఈయన రాసింది, రాసిన రోజే చదివాను నేను. నిర్వాహకురాలిని. ఒక్క సమాధానం దాచాలంటే రెండో తాళం అక్కర్లేదు, నా వేలొక్కటి చాలు. మా ఇంట్లో స్విచ్ ఉందని ఒక్క వాక్యం రాసినా సరిపోయేది. రాయలేదు. మళ్లీ అదే మాట రాశారే అని నవ్వుకుని, పొయ్యి మీద పాలు పొంగుతుంటే ఫోను పక్కన పెట్టి వెళ్లిపోయాను. మీ చెయ్యిది కాదండీ తప్పు. నాది."